విడుదల ఫైలు ఎవరి కోసం కదిలింది?

మన గూడేల్లో ఎవరికైనా యావజ్జీవం పడితే, పద్నాలుగేండ్లకు ఇంటికొస్తాడని ఇంటివాళ్లు లెక్క పెట్టుకుంటారు. చట్టంలో ఆ లెక్క లేదు. యావజ్జీవమంటే చివరి ఊపిరి దాకా అని 1961లోనే సుప్రీంకోర్టు చెప్పింది. ఉరిశిక్షకు కూడా వీలున్న నేరమైతే, 14 ఏండ్లు నిండకముందు విడుదల చేయరాదని 1978లో 433ఎ సెక్షన్ తెచ్చారు. అంటే 14 ఏండ్లు నిండాకే అడగడానికి వీలు కలుగుతుంది.

కొన్ని దేశాల్లో పెరోల్ బోర్డు ఇన్నేండ్లకోసారి అని ఖైదీ మాట వింటుంది. మన దగ్గర అలాంటి విచారణ లేదు. పెరోల్ అంటే కొద్ది రోజులు ఇంటికి పంపడమే. ముందస్తు విడుదల సర్కారు చేతిలోని ఫైలు. దానికి తేదీ లేదు కాబట్టి, వెనుక మనుషులున్నవారికే కదిలిన సందర్భాలు చరిత్రలో కనబడతాయి.

తెలంగాణ సాయుధ పోరాటంలో నల్లగొండ జిల్లా కేసుల్లో 12 మందికి ఉరిశిక్ష పడింది. జనగామ తాలూకా అప్పుడు ఆ జిల్లాలోనే ఉండేది. ఇంగ్లండు న్యాయవాది డి.ఎన్. ప్రిట్ వారి తరఫున వాదించాడు. 1951లో సుప్రీంకోర్టు పిటిషన్లు కొట్టేసినా, దేశవిదేశాల్లో లేచిన ఆందోళన తర్వాత ఆ శిక్షలు యావజ్జీవంగా మారాయి.

2006లో ఇంకో సంగతి బయటపడింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఒక ఖైదీకి గవర్నర్ ఇచ్చిన శిక్ష తగ్గింపును ఏపూరు సుధాకర్ కేసులో సుప్రీంకోర్టు రద్దు చేసింది. కులం, మతం, పార్టీ చూసి క్షమాభిక్ష పెట్టరాదని చెప్పింది.

మన కొత్తగూడ, మహాముత్తారం మనిషికి ప్రిట్ లేడు, పార్టీ లేదు. 1886 నాటి వరంగల్ సెంట్రల్ జైలును 2021లో కూల్చాక ములాఖత్ కూడా దూరమైంది. 2024 జూలైలో రాష్ట్ర ప్రభుత్వం 213 మందిని విడిచిపెట్టింది. అందులో 205 మంది యావజ్జీవ ఖైదీలే.

2025 ఫిబ్రవరి 18న సుప్రీంకోర్టు దారి మార్చింది. అర్హత వచ్చిన ప్రతి ఖైదీ ఫైలునూ, అతను దరఖాస్తు పెట్టకున్నా, ప్రభుత్వమే పరిశీలించాలి. కాదంటే కారణం రాసివ్వాలి. ఆ నిర్ణయాన్ని కోర్టులో సవాలు చేసే హక్కుందని జైలు అధికారులే ఖైదీకి చెప్పాలి.

హతుని ఇంటి దుఃఖం మనకు తెలియనిది కాదు. అందరినీ వదలమని మేము అనడం లేదు. అందరి ఫైలూ ఒకే తీరుగా చూడాలంటున్నాం. 1987 చట్టం ప్రకారం గిరిజనులకు ఉచిత న్యాయ సహాయం హక్కు. చదువుకున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు, తోటి ఉపాధ్యాయులు కేసు నంబరు, శిక్ష పడిన తేదీ, రిమాండులో గడిపిన రోజులు ఒక కాగితం మీద రాసి జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు ఇవ్వాలి. తీర్పు వచ్చింది. అది మన గూడెం దాకా చేరిందా లేదా చూసుకోవలసింది మనమే.