దివిసీమ ఇళ్లు, కప్పు నేసిన చేతులు

కృష్ణమ్మ రెండు పాయలుగా చీలి సముద్రంలో కలిసేచోట, ఆ పాయల నడుమ ఉన్న లంక మా దివిసీమ. అవనిగడ్డ, నాగాయలంక, కోడూరు వైపు పల్లెల్లో మా తాతల నాడు ఇల్లంటే తాటాకిల్లే. వాటిలో చుట్టిళ్ల తీరే వేరు. గుండ్రటి మట్టిగోడ, మనిషి వంగితే తప్ప దూరలేనంత కిందికి దిగిన చూరు. అందం కోసం అలా కట్టలేదు. మూలల్లేని గోడ చుట్టూ గాలి జారిపోతుంది. చూరు కిందికుంటే గాలి లోపల దూరి కప్పు లేపడం కష్టం.

తాటాకు కొన్నేళ్లకే చివికిపోతుంది. అందుకని ఎండాకాలంలోనే, మృగశిర కార్తె రాకముందే, కప్పు విప్పి మళ్లీ నెయ్యాలి. ఒక్క ఇంటివాళ్ల వల్ల అయ్యే పని కాదది. ఒకరు చెట్టెక్కి ఆకు కొట్టాలి, ఇంకొకరు దాన్ని చదును చెయ్యాలి, కిందినుంచి ఒకరు అందిస్తుంటే పైనున్నవాడు వరసలు పేర్చి కట్టాలి. కూలి మాట ఉండేది కాదు. ఆ పూటకి ఇంటివాళ్లు అన్నం పెట్టేవాళ్లు, తర్వాత వాళ్ల కప్పుకి వీళ్లు వెళ్లేవాళ్లు. తిరిగి సాయం చెయ్యలేని ముసలమ్మ ఇల్లయినా సరే, వాన పడేలోగా కప్పేవాళ్లు. అయితే ఉన్న మాట చెప్పాలి: ఆ సాయం పేట దాటేది కాదు. ఎవరి పేట కప్పులు ఆ పేటవాళ్లవే.

1977 నవంబర్ 19, శనివారం. ఉప్పెన అన్ని పేటల్నీ కలిపి తుడిచిపెట్టింది. ప్రభుత్వ లెక్కల్లోనే మృతులు దాదాపు 10 వేలు. ముందు శవాలకు సంస్కారం, ఆ తర్వాతే గూడు సంగతి. ఎన్టీఆర్, ఏఎన్నార్ జోలె పట్టి విరాళాలు పోగుచేశారు. మా సీమ నాయకుడు మండలి వెంకటకృష్ణారావుగారు బాధితుల మధ్యే తిరిగారు. రామకృష్ణ మిషన్ వచ్చింది, చర్చిల సంస్థ కాసా వచ్చింది. ఆరెస్సెస్ స్వయంసేవకులు మూలపాలెం వాళ్లకి కట్టిన ఊరే దీనదయాళ్‌పురం. ఒకరి దేవుడికి ఒకరు దండం పెట్టనివాళ్లంతా ఒకే బురదలో దిగి పనిచేశారు. మా సీమ చరిత్రలో నాకు అన్నిటికన్నా విలువైన ఘట్టం అదే. పేట గీత చూడకుండా పరాయివాళ్లు మన ఇళ్లు నిలబెట్టారు.

తర్వాత్తర్వాత తాటాకు పోయి శ్లాబు వచ్చింది. ప్రాణానికి భరోసా వచ్చింది, దాన్ని తక్కువ చెయ్యను. కానీ ఏటేటా కప్పు నేసే అవసరం పోయాక, ఒకరింటి పైకప్పు ఇంకొకరు చూడటం కూడా పోయింది. ఇప్పుడా పాత శ్లాబులకి ఏళ్లు మీదపడ్డాయి. ఉప్పుగాలికి లోపలి ఇనుము తుప్పు పట్టి ఉబ్బుతుంది, కింది సిమెంటు పెచ్చులుగా రాలుతుంది. పిల్లలు హైదరాబాదులోనో అమెరికాలోనో ఉంటే, ఒంటరి ముసలివాళ్లు ఆ పెచ్చుల కిందే మంచం వేసుకుంటున్నారు.

మరీ ముదరకపోతే ఇది బాగుచేసుకోగల జబ్బే. వదులైన సిమెంటు కొట్టేసి, తుప్పు గీకి, ఇనుముకు పూత పూసి మళ్లీ మెత్తాలి. ఎక్కడ బాగుచెయ్యొచ్చో, ఎక్కడ కూల్చక తప్పదో ఇంజనీరు చూసి చెప్పాలి. మేస్త్రీ కూలి, సరుకు ఖర్చు బయట స్థిరపడ్డ మనవాళ్లు భరిస్తే, మోతపని ఊళ్లో కుర్రాళ్లు చెయ్యగలరు. వచ్చే ఎండాకాలమే మొదలుపెట్టొచ్చు. ముందు ఎవరిల్లు చూడాలో తెలియడానికి సర్వేలక్కర్లేదు, ఏ వీధి అరుగు మీద అడిగినా చెబుతారు. ఈసారి పేట అడగకుండా వెళ్దాం.