ఆదిభట్ల నారాయణదాసు: తొలి హరికథ, గంజాం పర్యటనలు

హరికథా పితామహుడుగా పేరొందిన ఆదిభట్ల నారాయణదాసు (1864–1945) తొలి కథ చెప్పింది విజయనగరంలో. పేరు ఊళ్లు దాటింది మాత్రం ఉత్తరాన గంజాం జిల్లాలో, ఛత్రపురం, బరంపురం పట్టణాల్లో. అప్పటికి ఆయన ఇరవయ్యేళ్ల కుర్రవాడు.

దాసు 1864 ఆగస్టు 31న బొబ్బిలి ప్రాంతంలోని అజ్జాడలో పుట్టారు. తల్లి లక్ష్మీనరసమ్మ, తండ్రి వేంకటచయనులు. పెట్టిన పేరు సూర్యనారాయణ. చిన్నతనంలోనే భాగవత పద్యాలు నోటికి వచ్చేశాయి. బొబ్బిలిలో బంధువైన వాసా సాంబయ్య దగ్గర కొంతకాలం వీణ నేర్చుకున్నారు. తర్వాత అన్నగారింట ఉండి ఇంగ్లీషు చదువు చదవడానికి విజయనగరం చేరారు.

1883లో మద్రాసు నుంచి కుప్పుస్వామి నాయుడు అనే భాగవతారు విజయనగరం వచ్చి కథాకాలక్షేపం చేశారు. మరాఠీ కీర్తన సంప్రదాయం తంజావూరు మీదుగా దక్షిణాదికి తెచ్చిన ప్రక్రియ అది. ఒక్క మనిషే పాడుతూ, ఆడుతూ, మాట చెబుతూ సభను గంటల తరబడి కూర్చోబెట్టడం చూసిన దాసుకు తన దారేదో తెలిసిపోయింది. వెంటనే ధ్రువచరిత్ర రచించి, విజయనగరం వేణుగోపాలస్వామి గుడిలో తానే గజ్జె కట్టి చెప్పారు. అదే ఆయన తొలి హరికథ. మాట ఆయనదే, పాట ఆయనదే, అభినయమూ ఆయనదే. ఇతరులు కట్టిన కథను చెప్పుకుంటూ పోయే కథకుడిగా కాక, తన కథ తానే కట్టుకునే కవిగా మొదలుపెట్టడమే దాసు ప్రత్యేకత. తెలుగు హరికథ ఒక సాహిత్యరూపంగా నిలబడడానికి ఇదే మూలం.

దాసు తొలి కథ నాటికి గ్రామఫోనింకా పుట్టనే లేదు. దానికి బెర్లినర్ పేటెంటు తీసుకున్నది 1887లో, మన దేశంలో వ్యాపారానికి పాటలు రికార్డు చేయడం మొదలైంది 1902లో. పాట ఊరు దాటాలంటే పాటగాడే నడిచి వెళ్లాలి. రైలు కూడా లేదు. విజయనగరం, బరంపురం మీదుగా ఈస్ట్ కోస్ట్ రైలుమార్గం వేసింది 1890లలో. కాబట్టి తొలి పర్యటనలకు బండ్లబాటలే గతి.

అప్పటి గంజాం జిల్లా మద్రాసు రాష్ట్రంలో భాగం. శ్రీకాకుళం, నరసన్నపేట, టెక్కలి కూడా అందులోవే. కలెక్టరు కచేరీ ఛత్రపురంలో ఉండేది. పెద్ద పట్టణం బరంపురం. చుట్టూ ఒడియా పల్లెలు, పట్టణంలో తెలుగు వకీళ్లు, గుమస్తాలు, వర్తకులు, పట్టు మగ్గాల మీద బతికే తెలుగు నేతగాళ్లు. సంగీతం, సాహిత్యం రెండూ తూచగల శ్రోతలు అక్కడ దొరికారు. ఛత్రపురంలో జయంతి కామేశం పంతులు ఇంట దాసు సంగీత సాహిత్యాల్లో అష్టావధానం చేసి పండితులను మెప్పించారు. మామూలుగా అవధానమంటే పద్యంతో పని; దానికి సంగీతాన్నీ జోడించడం అసాధారణం. రెండు చేతులకూ రెండు కాళ్లకూ తలకూ వేర్వేరు తాళాలు అప్పగించి, ఏదీ తప్పకుండా పల్లవి పాడే పంచముఖి విద్యకు ఆయన తర్వాతి కాలంలో పేరు పొందారు. ఛత్రపురం, బరంపురాల్లో వరసగా హరికథలు చెప్పారు. ఆ తొలినాళ్ల ప్రయాణాల్లోనే లోకనాథం అనే ఊళ్లో గజేంద్రమోక్షణం రచించి గానం చేశారు. అంబరీష చరిత్ర కూడా తొలి రచనల్లోదే.

కథ నడిచే తీరు ఇది: కాళ్లకు గజ్జెలు, చేతిలో చిడతలు, నడుముకు బిగించిన ఉత్తరీయం, మెడలో పూలదండ. వెనక మృదంగం, ఫిడేలు. పద్యం రాగంలో సాగదీసి, వచనంలోకి దిగి, కీర్తన అందుకుని అడుగు వేస్తారు. గజేంద్రుడు మొసలి నోట చిక్కినప్పుడు ఏనుగూ ఆయనే, మొసలీ ఆయనే, చక్రం పంపే విష్ణువూ ఆయనే. రంగస్థలం మీద మరో నటుడు ఉండడు.

విజయనగర ప్రభువు ఆనందగజపతి ఆదరం, మైసూరు ఆస్థానంలో మెప్పు ఆ తర్వాత వచ్చాయి. దాసు ఆత్మకథ నా యెఱుక ముప్ఫయ్యో ఏటి దాకానే సాగుతుంది. అందుకే ఈ తొలినాళ్ల సంగతులు ఆయన మాటల్లోనే మనకు దక్కాయి. ఇది తెలుగువాళ్ల అదృష్టం.

1919లో విజయనగరంలో సంగీత కళాశాల పెట్టినప్పుడు దాసే తొలి ప్రిన్సిపాలు. ద్వారం వేంకటస్వామి నాయుడు అక్కడ వయొలిన్ ఆచార్యులు. దాసు 1936లో ఆ పదవి నుంచి విరమించారు. అదే ఏడాది ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడింది. ఛత్రపురం, బరంపురం అందులోకి వెళ్లాయి.