ఇల్లొకచోట, అంగడొకచోట

తిరుమలకు ఇప్పుడు తొలిసారి వచ్చేవాళ్లకు గుడి ముందున్న ఆ ఖాళీ జాగా మొదటినుంచీ అట్లాగే ఉండిందనిపిస్తుంది. కానీ ఒకప్పుడు అక్కడుండింది సన్నిధి వీధి. మహాద్వారం ఎదురుగా బేడి ఆంజనేయస్వామి గుడి దాకా అంగళ్లు, వాటిని అంటిపెట్టుకొని కాపురాలు. మాడవీధుల్లోనూ అంతే. ముందు గదిలో తులసిపూసలు, ఇత్తడి ప్రతిమలు, కొయ్యబొమ్మలు పరిచి ఉండేవి. వెనక ఒక గది యాత్రికులకు అద్దెకు. పెరట్లో కాగు నిండా వేణ్ణీళ్లు. కోడలు పొయ్యి మీద ఎసరు పెట్టొచ్చి ఇంత బేరం చేసేది, కాళ్లాడని ముసలాయన గల్లాపెట్టె దగ్గర కూర్చునేవాడు. బ్రహ్మోత్సవాల్లో స్వామి వాహనం గడప ముందుకే వచ్చేది.

1944లో మొదటి ఘాట్ రోడ్డు పడింది, 1974లో రెండోది. నడిచో డోలీలోనో ఎక్కాల్సిన కొండకు బస్సులు బారులు తీరినాయి. ఇరుకు వీధుల్లో అంత జనం పట్టరు. దేవస్థానం వాళ్లు మాస్టర్ ప్లాన్ అన్నారు, విడతలు విడతలుగా ఇళ్లు ఖాళీ చేయించారు. 2003లో వేయికాళ్ల మండపాన్నీ తీసేశారు. సాళువ రాజుల కాలం నాటి ఆ మండపం కోసం చాలామంది గొంతెత్తారు, ఎత్తాల్సిందే. ఇళ్ల గురించి మాట్లాడింది మాత్రం ఎక్కువగా ఇళ్లు పోయినవాళ్లే.

వాళ్లలో చాలామందికి రింగురోడ్డు పక్క బాలాజీనగర్‌లో చోటు చూపించారు. నిజం చెప్పాలంటే పాత ఇళ్లేమీ భవంతులు కావు. గాలీ వెలుతురూ రాని గదులే ఎక్కువ. రోజుకు అరవై, డెబ్బై వేల మంది వచ్చే చోట మాడవీధులు వెడల్పు చేయకుండా కుదిరేదీ కాదు. ఇంటికి ఇల్లు, కొందరికి అంగడికి అంగడి ఇచ్చారు. రెండూ ఒకచోట ఇవ్వలేదు, అంతే. ఆ ఒక్క మార్పుతో కోడలి బేరమూ పోయింది, ముసలాయన గల్లాపెట్టే పోయింది. అద్దె గది సంగతి చెప్పనే అక్కర్లేదు. నష్టపరిహారం లెక్కకట్టే కాగితంలో ఇట్లాంటి వాటికి గడి ఉండదు.

ఇది తిరుమల ఒక్కదాని కథే కాదు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత స్కాట్లాండ్‌లో గ్లాస్గో నగరపాలకులు గోర్బల్స్ మురికివాడల జనాన్ని ఊరి చివర కాసిల్‌మిల్క్ లాంటి కాలనీలకు పంపించారు. ఇంట్లోనే స్నానాలగది వచ్చింది. అంగళ్లు, పని, చుట్టాలు బస్సెక్కితే గానీ అందనంత దూరమైపోయారు.

కొండ కింద తిరుపతిలోనూ ఇదే వరస. పేదలకు ప్రభుత్వ సంస్థ టిడ్కో ఇళ్లు కట్టింది ఊరికి దూరంగా, ఏర్పేడు మండలం వికృతమాలలో. నాలుగంతస్తుల బ్లాకులు, గట్టి గోడలు. కట్టుబడికి వంక పెట్టను. పక్కనే ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలు వచ్చాయి కాబట్టి చదువుకున్న పిల్లలకు కొంత దారి దొరుకుతుంది. గోవిందరాజస్వామి గుడి దగ్గర పూలమ్ముకునే తల్లికి మాత్రం రానూపోనూ బస్సు చార్జీ ఆ పూల మీదే రావాలి.