గోదావరి సీమలో పరీక్షల కాలం

మామిడిపూత పిందెగట్టే వేళకు గోదావరి సీమలో ప్రతి ఉన్నత పాఠశాల ముఖమూ మారిపోతుంది. వార్షికోత్సవం, పై తరగతి వారికి వీడ్కోలు, ప్రధానోపాధ్యాయుని నడుమ కూర్చుండబెట్టి తీయించుకొనే ఛాయాచిత్రం, ఇవన్నీ పదిహేను రోజులలో ముగిసిపోతాయి. ఆ తరవాత ఊరంతా పిల్లల చదువుకోసం నిశ్శబ్దమవుతుందనుకుంటే పొరపాటు. ఉగాది ఆ రోజులలోనే వస్తుంది. ఆ వెనుకనే శ్రీరామనవమి పందిళ్ళు లేస్తాయి. దాళ్వా వరి కోతకు వస్తుంది. పందిట్లో హరికథ ఒక ప్రక్క, కళ్ళంలో నూర్పిడి మరొక ప్రక్క, మధ్య అరుగుమీద భూగోళం వల్లిస్తూ ఒక పిల్లవాడు. ఇక ఆ ఇంట ముందుగా నోరు మూయించేది రేడియోనే. ఈ సంగతి మాకు తెలియనిది కాదు. ఆ నెల రోజులు శ్రోతల ఉత్తరాలు పలచబడితే మేము నొచ్చుకోము.

ఈ ఆందోళన నిన్న మొన్న పుట్టినది కాదు. దీనికి నూట అరవై ఏళ్ళకు మించిన చరిత్ర ఉన్నది. వీథిబడిలో చదువుకొన్న వారికి ఏడాది చివర పరీక్ష అంటూ లేదు. పెద్దబాలశిక్ష ముగించినవాడు పై పుస్తకం ఎత్తుకొనేవాడు. అమరం రానివాడు వచ్చేదాకా వల్లించేవాడు. పంతులుగారి బెత్తం ఉండేది, కోదండం ఉండేది, గోడకుర్చీ ఉండేది. అవి తక్కువ బాధలని మేము అనబోము. కాని అందరినీ ఒక్కసారి తూకం వేసే తేదీ అనేది మాత్రం ఉండేది కాదు. 1857లో మద్రాసు విశ్వవిద్యాలయం ఏర్పడి మెట్రిక్యులేషను పరీక్ష పెట్టిన తరవాతనే ఆ తేదీ మన జీవితాలలోకి వచ్చింది.

అది వచ్చేనాటికి డెల్టా కూడా కొత్త రూపు దాలుస్తున్నది. ధవళేశ్వరం ఆనకట్ట 1852 నాటికి పూర్తి అయింది. రాజమహేంద్రవరంలో 1853లో ప్రభుత్వ పాఠశాల మొదలై, క్రమంగా కళాశాల అయింది. కాలువ నీరు పారిన పొలాలలో పంట పెరిగింది. పంట పెరిగిన ఇళ్ళనుంచి పిల్లలు ఇంగ్లీషు చదువులకు బయలుదేరారు. ఆ కాలువలే వారికి దారులు కూడా. బియ్యపు మూట, ఊరగాయ జాడీ, పుస్తకాల పెట్టె పడవలో వేసుకొని రాజమహేంద్రవరంలోనో, కాకినాడలోనో, నరసాపురంలోనో దిగేవారు. కలిగినవారు బస ఏర్పాటు చేసుకొనేవారు. లేనివారు వారాలు చెప్పుకొని, ఏ రోజు ఏ ఇంట భోజనమో గుర్తు పెట్టుకొని చదువుకొనేవారు. అట్టివాడు పరీక్ష తప్పితే మరొక ఏడాది అన్నం పెట్టుమని ఏడు ఇళ్ళవారినీ అడగవలసి వచ్చేది. ఆనాటి భయానికి ఈ లెక్క కూడా ఉన్నదని మరచిపోరాదు.

మెట్రిక్యులేషను చాలకాలం డిసెంబరులో జరిగేది. సార్వా కోతలు, కుప్పలు, ధనుర్మాసపు చలి, ఇవి ఆనాటి పరీక్షల ఋతువు. ప్రశ్నలు ఇంగ్లీషులో, జవాబులు ఇంగ్లీషులో. గణితం వచ్చినా ఇంగ్లీషు రాకపోతే గణితమూ పోయినట్లే. అనేక సంవత్సరాలలో గట్టెక్కినవారి కంటె తప్పినవారే ఎక్కువ. ఇదే విశ్వవిద్యాలయం పెట్టిన మెట్రిక్యులేషనులో 1903లో కృతార్థుడైన కుంభకోణం విద్యార్థి శ్రీనివాస రామానుజన్, గణితం తప్ప మరొకటి చదవక, పై పరీక్షయైన ఎఫ్.ఏ. రెండుమార్లు తప్పాడన్నది జగద్విదితం. అంతటివాడికే ఆ తక్కెడ అట్లా తూగింది.

మన సీమవారిలో చిలకమర్తి లక్ష్మీనరసింహంగారి విద్యార్థి జీవితం ఈ సందర్భంలో మాకు ఎప్పుడూ గుర్తుకు వస్తుంది. 1867లో ఖండవల్లిలో పుట్టారు. నరసాపురంలోను, రాజమహేంద్రవరంలోను చదువుకొన్నారు. చిన్ననాటినుంచీ వారికి రేచీకటి. పరీక్షలు ముంచుకు వచ్చినప్పుడు విద్యార్థికి మిగిలేది రాత్రి పొద్దే గదా! తోటివారు ఆముదపు దీపం ముందు పుస్తకం తెరిచే వేళకు వీరి కన్నులకు పుస్తకం లేదు. అప్పుడు స్నేహితులు పైకి చదివేవారు. వీరు విని ధారణ చేసేవారు. మెట్రిక్యులేషను అట్లాగే గట్టెక్కారు. తరవాత ఎన్నో గ్రంథాలు వ్రాసి, చివరికి చూపు పూర్తిగా పోయినా కలం మానలేదు. మేము చెవిని నమ్ముకొని బ్రతికేవారము గనుక ఈ కథమీద మాకు కొంచెం పక్షపాతం ఉన్నమాట నిజమే. ఐనా, ఆ పైకి చదివిన స్నేహితుల మాట ఆలోచించండి. వినేవాడికి అర్థమయ్యేటట్లు చదవాలంటే చదివేవాడు తొందరపడరాదు, తడబడరాదు. ఇద్దరు కూర్చున్న చోట గుండె దడ సగమవుతుంది. పరీక్షకాలపు భయానికి మన సీమలో దొరికిన మందులలో ఇంతకంటె మంచిది మాకు కనబడలేదు.

ప్రభుత్వమూ ఆ భయాన్ని తగ్గించాలని చూడకపోలేదు. మెట్రిక్యులేషను స్థానంలో 1911 ప్రాంతంలో మద్రాసు రాజధానిలో సెకండరీ స్కూల్ లీవింగ్ సర్టిఫికెటు, అనగా మన పెద్దలు చెప్పుకొనే ఎస్.ఎస్.ఎల్.సి., అమలుకు వచ్చింది. దాని ఉద్దేశం ఉదాత్తమైనది. విద్యార్థికి ఒక చిన్న పుస్తకం ఇస్తారు. పై తరగతులలో అతడు తెచ్చుకొన్న మార్కులు, పుట్టినతేదీ, పుట్టుమచ్చలు అందులో ఎక్కుతాయి. చివర పబ్లిక్ పరీక్ష మార్కులు కూడా ఎక్కుతాయి. ఒక్క రోజు జ్వరం తగిలినంత మాత్రాన మూడేళ్ళ చదువు గంగపాలు కారాదని దాని భావం. పాసు, ఫెయిలు అనే మాటలే అందులో లేవు.

పుస్తకంలో లేని మాటను ఊరు ఊరకే వదులుతుందా? ఏ పాఠశాల మార్కులు ఎంత నమ్మదగినవి అన్న ప్రశ్న వెంటనే పుట్టింది. ఒకచోట చేయి ధారాళం, మరొకచోట పిసినిగొట్టుతనం. వాటిని సరిదిద్దే లెక్కలు వచ్చాయి. కళాశాలలో చేరటానికి అర్హులైనవారి జాబితా వచ్చింది. సెయింట్ జార్జి కోట గెజెటులో నంబరు ఉంటే పాసు, లేకపోతే తప్పినట్లే అని జనం తీర్మానించుకొన్నారు. తమ పాఠశాల ఫలితాలు మచ్చపడకుండా, బలహీనులను పై తరగతికి పంపకుండా క్రింది ఫారములోనే నిలిపివేయటం కూడా పెక్కుచోట్ల ఆచారమైంది. నలుదిక్కులా పంచవలసిన బరువు మళ్ళీ ఆ ఒక్క వారం మీదనే వచ్చి పడింది.

అదే కాలంలో మరొక ప్రయత్నం జరిగింది. పర్లాకిమిడిలో అధ్యాపకులుగా ఉన్న గిడుగు రామమూర్తి పంతులుగారు, పాఠశాలల పరీక్షాధికారి యేట్సు దొర, విశాఖపట్టణంలో కళాశాలాధ్యక్షులైన పి.టి. శ్రీనివాస అయ్యంగారు, విజయనగరంలో గురజాడ అప్పారావుగారు కలిసి ఒక సామాన్యమైన ప్రశ్న వేశారు: పిల్లవాడు తన తెలుగులో తెలుగు పరీక్ష వ్రాస్తే తప్పేమిటి? అప్పటిదాకా వ్యాసం వ్రాయవలసినది ఏ ఇంటా వినబడని భాషలో. చెప్పదలచిన మాట తెలిసినా, అరసున్న ఎక్కడ పెట్టాలో, బండిఱ ఎక్కడ వ్రాయాలో, ద్రుతం ఎక్కడ నిలపాలో తెలియక కలం ఆగిపోయేది. తన భాషలోనే తాను తప్పే గతి గోదావరి ఒడ్డున పుట్టిన పిల్లవాడికి పట్టింది. 1912-13లో స్కూలు ఫైనలు వ్యాసం వాడుకభాషలో కూడా వ్రాయవచ్చునన్న వెసులుబాటు లభించింది.

అది ఎంతో కాలం నిలువలేదు. వాడుకభాషను ఎదిరించినవారిలో అగ్రగణ్యులు జయంతి రామయ్య పంతులుగారు మన సీమవారే. 1860లో కోనసీమలోని ముక్తేశ్వరంలో పుట్టారు. 1911లో ఆంధ్రసాహిత్య పరిషత్తును స్థాపించి, తరవాత సూర్యరాయాంధ్ర నిఘంటువు వంటి మహత్కార్యం తలపెట్టిన పండితులు. వారి పాండిత్యం మీద మాకు గౌరవమే. పరీక్ష హాలులో చెమటపట్టిన చేతితో కూర్చున్న పిల్లవాడు మాత్రం వారి వాదంలో ఎక్కడా కనబడడు. 1914లో విశ్వవిద్యాలయపు ఉపసంఘంలో గురజాడవారు తమ అసమ్మతి పత్రం సమర్పించినా గ్రాంథికానిదే పైచేయి అయింది. ఇచ్చిన వెసులుబాటు పోయింది. 1919లో రాజమహేంద్రవరంలో వర్తమానాంధ్ర భాషా ప్రవర్తక సమాజం ఏర్పడినప్పుడు, ఒకప్పుడు గ్రాంథికంలో గ్రంథాలు గుప్పించిన కందుకూరి వీరేశలింగం పంతులుగారే దానికి అధ్యక్షులయ్యారు. ఎన్నో ఏళ్ళు బడిపిల్లల ముందు నిలబడిన మనిషి అట్లా మాట మార్చుకోవటం మాకు వింతగా తోచదు. ఆ మే 27న వారు కన్నుమూశారు. పాఠ్యపుస్తకాలలో వాడుకభాష కుదురుకొనటానికి మరి అర్ధశతాబ్దం పట్టింది. ఈ మధ్యకాలంలో పరీక్ష వ్రాసిన తరాలు రెండు.

ఎస్.ఎస్.ఎల్.సి. పోయి పదవ తరగతి వచ్చింది. డెల్టాలోని ఉన్నత పాఠశాలలలో రాత్రి చదువు ఆచారం మాత్రం నిలిచింది. సాయంత్రం భోజనం ముగించుకొని, చాపలు చంకన పెట్టుకొని పిల్లలు మళ్ళీ బడికి వస్తారు. వెనుకటి కాలంలో లాంతర్లు, తరవాత కరెంటు దీపాలు. ఉపాధ్యాయులలో ఒకరు కుర్చీ వేసుకొని కూర్చుంటారు. వారు పాఠం చెప్పరు. ఎవరైనా అడిగితే చెబుతారు, నిద్ర తూగితే ముఖం కడుక్కు రమ్మంటారు. మేము చదివిన రోజులలో అట్లా కూర్చున్న మాష్టారు ఒకరు అర్ధరాత్రి దాకా తమ పాత నవల చదువుకొనేవారు. మధ్యమధ్య తమలో తామే నవ్వుకొనేవారు. లెక్క రాక ఏడుపు ముఖం పెట్టిన మాకు ఆ నవ్వు ఎంత ధైర్యమిచ్చేదో ఇప్పుడు చెప్పటం కష్టం. ఫలితాల రోజున పత్రికల కట్ట దిగే బస్సుకోసం తెల్లవారుజామునే వెళ్ళి నిలబడ్డాము. అంకెల వరుసలో వ్రేలు పెట్టి క్రిందికి జార్చుకొంటూ పోయే ఆ నిమిషం మా తరంవారు మరువలేరు.

చరిత్ర ఒకే పాఠాన్ని రెండుసార్లు చెప్పటం అరుదు కాదు. ఆంధ్రప్రదేశంలో పదవ తరగతి మార్కులలో నూటికి ఇరవై పాఠశాలలకే విడిచిపెట్టిన పద్ధతి కొన్నేళ్ళు నడిచింది. కొన్ని బడులు ఆ ఇరవైనీ తమ పిల్లలకు ఉదారంగా పంచుకొంటున్నాయన్న ఆరోపణ వచ్చి, 2019లో ప్రభుత్వం దానిని తీసివేసింది. 1911 నాటి చిన్న పుస్తకానికి పట్టిన గతే దీనికీ పట్టింది. ఆ వెంటనే మహమ్మారి వచ్చింది. 2020లోను, 2021లోను పదవ తరగతి పరీక్షలు జరగనే లేదు, అందరూ ఉత్తీర్ణులే. 1857 తరవాత తేదీ లేని చదువు మళ్ళీ రెండేళ్ళు వచ్చిందన్నమాట. కాని బడీ లేదు, తోటివారూ లేరు. 2022లో పరీక్ష తిరిగి వచ్చినప్పుడు ఉత్తీర్ణత నూటికి 67.26 మాత్రమే. ఇంచుమించు రెండు లక్షల మంది తప్పారు.

ఫలితాలు వెలువడిన వారంలో పత్రికలలో వచ్చే కొన్ని వార్తలు చదవటానికి చేతులు రావు. పదిహేనేళ్ళ పిల్లలు ఒక అంకెకోసం ప్రాణం తీసుకొన్న వార్తలు అవి. పూర్వం మెట్రిక్యులేషను తప్పినవాడు ఏడాది ఆగవలసి వచ్చేది. 2022లో తప్పినవారికి నెల తిరిగేసరికి, జూలైలోనే, మళ్ళీ పరీక్ష పెట్టారు. మారిన సంగతులలో ఇది చిన్నది కాదు. ఫలితం వచ్చిన సాయంత్రమే ఇంటిలో ఎవరో ఒకరు ఈ మాట పిల్లవాడి చెవిని వేయాలి. ఇల్లు దాటి మాట్లాడవలసి వస్తే, 14416 అనే నంబరుకు ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చును. మానసిక ఆరోగ్యంకోసం కేంద్రప్రభుత్వం 2022లో నెలకొల్పిన సహాయకేంద్రం అది.

పరీక్షలకు ముందు కోనసీమలోని అయినవిల్లి విఘ్నేశ్వరాలయంలో లక్ష కలాలకు పూజ చేసి పిల్లలకు పంచిపెడతారు. దూరపు ఊళ్ళనుంచి కూడా తల్లులు పిల్లలను వెంటబెట్టుకొని వచ్చి బారులు తీరుతారు. రామయ్య పంతులుగారి ముక్తేశ్వరం అక్కడికి సమీపంలోనే, గోదావరి రేవు వద్ద ఉన్నది. ఆ కలాలతో పిల్లలు వ్రాసే తెలుగు వ్యాసాలలో అరసున్నలు ఉండవు. ఇంటికి తిరిగి వెళ్ళే ఆటోలలో ఒకరు ప్రశ్న అడగటం, మరొకరు జవాబు చెప్పటం వినిపిస్తూ ఉంటుంది.