రాజు ముద్ర వేసిన వంశవృక్షం: పాస్టన్ ఫ్యామిలీ కథ

ఇంగ్లండ్ చర్చిల్లో బాప్తిస్మాలు, పెళ్లిళ్లు, ఖననాలు రిజిస్టర్‌లో రాయడం మొదలైంది 1538లో. మరి అంతకుముందు తాతముత్తాతల్ని ఎలా పట్టుకుంటారు? భూమి కాగితాలతోనే. రాజు కింద భూమి ఉన్న ఆసామి పోతే, అధికారులు విచారణ చేసి వారసుడెవరు, వయసెంత అని రాసుకునేవాళ్లు.

ఇప్పుడు నార్‌ఫోక్‌లోని పాస్టన్ వాళ్ల సంగతి చూద్దాం. 1419లో చనిపోయిన క్లెమెంట్ పాస్టన్ మామూలు రైతు. అప్పు చేసి మరీ కొడుకు విలియంని చదివించాడు. ఆ విలియం 1429లో జడ్జి అయ్యాడు. 1459లో సర్ జాన్ ఫాస్టాల్ఫ్ పోయాక, ఆయన కైస్టర్ కోట తనకే రాసిచ్చాడని మనవడు జాన్ అన్నాడు. గిట్టనివాళ్లు ఊరుకుంటారా? వీళ్ల తాత జీను కూడా లేని గుర్రమెక్కి మిల్లుకెళ్లేవాడని, నాయనమ్మది బానిస కుటుంబమని ఓ కాగితం పుట్టించారు. ఇది ఉత్త తిట్టు కాదండీ. అప్పటి చట్టం ప్రకారం బానిస కొన్న భూమిని దొర లాక్కోవచ్చు. అంటే మొత్తం ఆస్తికే ఎసరు!

జాన్ 1465లో లండన్ ఫ్లీట్ జైలుపాలయ్యాడు, మరుసటి ఏడాది చనిపోయాడు. అదే 1466లో పాస్టన్‌లు పాత దస్తావేజులతో పాటు వంశవృక్షం చూపిస్తే, నాలుగో ఎడ్వర్డ్ రాజు వాళ్లు పెద్దింటివాళ్లేనని రాసిచ్చాడు. అందులో మూలపురుషుడు వుల్‌స్టన్, ఫ్రాన్స్ నుంచి వచ్చాడట. వుల్‌స్టన్ పక్కా పాత ఇంగ్లిష్ పేరు! నేనైతే క్లెమెంట్ దగ్గరే ఆగుతాను.

కోట మాత్రం 1469లో నార్‌ఫోక్ డ్యూక్ ముట్టడించి లాక్కున్నాడు. 1476లో ఆ డ్యూక్ పోయాకే తిరిగొచ్చింది.