పేరు అడగని కార్డు: హాంకాంగ్ ఆక్టోపస్ కథ

మెట్రో గేటు దగ్గర కార్డు అలా ఆనించగానే తలుపులు తెరుచుకుంటాయి కదా. హైదరాబాద్‌లో మనకి ఇది 2017లో, మెట్రోతో పాటే వచ్చింది. హాంకాంగ్ వాళ్లకి మాత్రం 1997లోనే అలవాటైపోయింది. ఈరోజు ఆ కథ చెప్తాను. చివర్లో మన ఫోన్‌కి సంబంధించిన మాట ఒకటుంది, అందుకే ఈ టాపిక్ తీసుకున్నా.

అప్పట్లో అక్కడ మెట్రోకి అయస్కాంతపు పట్టీ ఉన్న టికెట్టు వాడేవాళ్లు. బస్సెక్కితే డబ్బాలో సరిగ్గా లెక్కపెట్టి నాణేలు వెయ్యాలి, చిల్లర తిరిగి ఇవ్వరు. ఈ గొడవ తప్పించడానికి రెండు రైలు సంస్థలు, రెండు బస్సు కంపెనీలు, ఒక ఫెర్రీ కంపెనీ కలిసి 1994లో ఉమ్మడిగా ఒక కంపెనీ పెట్టాయి. అసలు విషయం ఇదే అనిపిస్తుంది నాకు. చిప్ సోనీ వాళ్లు ఇచ్చారు సరే, కానీ ఎవరి టికెట్టు వాళ్లదే అని కూర్చుంటే ఆ చిప్ ఏం చేస్తుంది చెప్పండి?

1997 సెప్టెంబర్ 1న కార్డు బయటికొచ్చింది. పేరు ఆక్టోపస్. చైనీస్ పేరుకి ఎనిమిది దిక్కులకీ చేర్చేది అని అర్థం. మన అష్టదిక్కుల్లాగే అన్నమాట. మూడు నెలల్లో 30 లక్షల కార్డులు జనం చేతుల్లోకి వెళ్లాయి. అంతా ఇష్టంతోనే కాదండోయ్. పాత రైలు టికెట్లు మూడు నెలల్లో మార్చుకోకపోతే చెల్లవన్నారు మరి!

కార్డులో బ్యాటరీ ఉండదు. గేటు దగ్గరున్న రీడర్ నుంచి వచ్చే రేడియో తరంగాలతోనే చిప్‌కి కరెంటు అందుతుంది. మన డబ్బు లెక్క కార్డులోనే ఉంటుంది కాబట్టి నెట్‌వర్క్ కోసం ఆగక్కర్లేదు, అర సెకను కూడా పట్టదు.

ఇక్కడ ఒకటి గమనించండి. మామూలు కార్డు కొనాలంటే 50 హాంకాంగ్ డాలర్ల డిపాజిట్ కడితే చాలు. పేరు అడగరు, ఫోన్ నంబర్ అడగరు. జేబులో నోటు ఎలాగో ఇదీ అలాగే.

మరి పేరు ఎక్కడ చేరింది? పాయింట్ల దగ్గర. 2005లో రివార్డ్స్ పథకం పెట్టారు. షాపుల్లో కొంటే పాయింట్లు వస్తాయి, కాకపోతే ముందు ఫామ్ నింపాలి. జనం నింపారు. 2010లో గుట్టు బయటపడింది. దాదాపు 20 లక్షల మంది సభ్యుల వివరాలు ఇన్సూరెన్స్ కంపెనీతో సహా బయటివాళ్లకి చేరాయి. దాని మీద వచ్చిన డబ్బు 4 కోట్ల 40 లక్షల హాంకాంగ్ డాలర్లు. ముందు అమ్మలేదన్నారు, తర్వాత ఒప్పుకున్నారు. కంపెనీ సీఈఓ పదవి వదులుకోవాల్సి వచ్చింది.

చూశారా, గొడవ గేటు దగ్గర జరగలేదు, ఫామ్ దగ్గర జరిగింది. ఇప్పుడు మన ఫోనే టికెట్టు. దానికి మన నంబరు ముందే తెలుసు, బ్యాంకు ఖాతా తెలుసు. టికెట్ యాప్‌లు వద్దని నేననను, నేనూ వాడతాను. కానీ పది రూపాయల క్యాష్‌బ్యాక్ ఇస్తామని పుట్టినరోజు, అడ్రస్, కాంటాక్ట్‌లు అడిగితే మాత్రం ఒక్క క్షణం ఆగండి. ప్రయాణానికి ఇవన్నీ ఎందుకు అని అడగండి. పేరు అడగకుండానే లక్షల మందిని ఊరంతా తిప్పిన కార్డు ఒకటుందని ఇప్పుడు మీకు తెలుసు కదా.

ఉంటాను మరి, ఇంకో కథతో కలుద్దాం.