బహుమతి ఉత్తరాలు, దొంగ చెక్కుల మోసం

లాటరీ తగిలిందనో, స్వీప్‌స్టేక్స్‌లో బహుమతి వచ్చిందనో ఉత్తరం రాసి, దానికి నకిలీ చెక్కు జతచేసి పంపి, ఆ చెక్కును బ్యాంకులో వేసుకున్నవాళ్ల చేత పన్ను, రుసుముల పేరిట డబ్బు కట్టించుకునే తపాలా మోసమిది. అమెరికాలో చాలా ఏళ్లుగా సాగుతోంది. చెక్కు కొన్నాళ్లకు చెల్లదని తేలి వెనక్కి వస్తుంది. ఈలోగా కట్టిన డబ్బు మాత్రం దాదాపు ఎప్పుడూ తిరిగి రాదు. మోసపోయినవాళ్లది అత్యాశ అని కొట్టిపారేయడం తేలికే గాని అన్యాయం. ఖాతాలో డబ్బు కనబడటానికీ, చెక్కు నిజంగా చెల్లడానికీ మధ్య కొన్ని రోజుల ఎడం ఉంటుంది. మోసమంతా ఆ ఎడంలోనే జరుగుతుంది. ఆ సంగతి బాగా చదువుకున్నవాళ్లలోనూ చాలామందికి తెలియదు.

ఉత్తరం, చెక్కు

అమెరికాలో లాటరీలను రాష్ట్ర ప్రభుత్వాలు నడుపుతాయి. కంపెనీలు తమ సరుకు ప్రచారం కోసం పెట్టే లక్కీ డ్రాలను స్వీప్‌స్టేక్స్ అంటారు. వాటిలో పాల్గొనడానికి గాని, గెలిచింది తీసుకోవడానికి గాని డబ్బు అడగకూడదు. ఈ రంగంలో అందరికీ తెలిసిన పేరు పబ్లిషర్స్ క్లియరింగ్ హౌస్. 1953లో న్యూయార్క్ రాష్ట్రంలో మొదలైన ఈ సంస్థ పత్రికల చందాలను తపాలా ద్వారా అమ్మేది. విజేత ఇంటికి బెలూన్లతో, నిలువెత్తు చెక్కుతో వెళ్లి తలుపు తట్టడాన్ని టీవీల్లో చూపించి ఇంటింటికీ తెలిసింది. మోసగాళ్లు ఎక్కువగా వాడుకునే పేర్లలో ఇదొకటి కావడానికి కారణం ఆ పరిచయమే. టీవీలో అలాంటి దృశ్యాలు ఏళ్ల తరబడి చూసిన పెద్దవయసువారికి ఆ పేరుతో కవరు వస్తే నమ్మశక్యం కానిదేమీ కనిపించదు.

కవరులో సాధారణంగా ఒక ఉత్తరం, ఒక చెక్కు ఉంటాయి. ఉత్తరం మీద ముద్ర, క్లెయిమ్ నంబరు, ఫలానా ఏజెంటుకు ఫోన్ చేయమని ఒక నంబరు, గడువు తేదీ, సొమ్ము చేతికందేదాకా ఎవరికీ చెప్పవద్దన్న హెచ్చరిక ఉంటాయి. అన్నిటికంటే ప్రమాదకరమైనది ఆ చివరి మాటే. కొడుకుకో, పక్కింటివారికో చెబితే మోసం అక్కడే ఆగిపోతుంది. ఉత్తరంలో లెక్క ఇలా ఉంటుంది: మీరు గెలిచింది లక్షన్నర డాలర్లు, జతచేసిన 3,900 డాలర్ల చెక్కు అందులో ముందస్తు భాగం, దాన్ని బ్యాంకులో వేసి అందులోంచి 2,850 డాలర్లు పన్ను కింద పంపితే మిగతాది విడుదలవుతుంది. నిజానికి అమెరికాలో బహుమతి మీద పన్నును ప్రభుత్వ పన్నుల శాఖకు కట్టాలి, లేదా ఇచ్చేవారే ముందుగా మినహాయించుకోవాలి. పన్ను డబ్బును బహుమతి ఇచ్చేవారి ఏజెంటుకు పంపే పద్ధతి ఎక్కడా లేదు.

చెక్కు చాలాసార్లు క్యాషియర్స్ చెక్కు రూపంలో ఉంటుంది. అంటే బ్యాంకు తన సొంత పూచీ మీద ఇచ్చేది, మన బ్యాంకర్స్ చెక్కుకు సమానం. కాగితం, నీటిగుర్తు, అంచుల్లోని సన్నని గీతలు అసలు చెక్కును పోలి ఉంటాయి. దాని మీద బ్యాంకు పేరు నిజమైనదే. ఖాతా నంబరు కూడా ఒక్కోసారి ఏ సంబంధమూ లేని కంపెనీకి చెందిన నిజమైన నంబరే. కింది వరుసలో అయస్కాంత సిరాతో అచ్చయ్యే తొమ్మిదంకెల రౌటింగ్ నంబరు చెక్కు ఏ బ్యాంకుకు వెళ్లాలో చెబుతుంది. కొన్ని దొంగ చెక్కుల మీద పైన ఒక బ్యాంకు పేరు, కింద మరో బ్యాంకు నంబరు ఉంటాయి. చెక్కు తప్పు చోటికి వెళ్లి తిరిగి వచ్చేలోపు మోసగాడికి మరికొన్ని రోజులు కలిసొస్తాయి.

ఖాతాలో పడ్డ డబ్బు

ఒకప్పుడు అమెరికా బ్యాంకులు ఖాతాదారు వేసిన చెక్కు సొమ్మును రోజుల తరబడి ఆపి ఉంచేవి. జనం గోల పెట్టగా 1987లో కాంగ్రెస్ ఒక చట్టం చేసి గడువులు పెట్టింది. దాన్ని అమలుచేసే నిబంధనను రెగ్యులేషన్ సీసీ అంటారు. కౌంటర్లో స్వయంగా వేసిన క్యాషియర్స్ చెక్కు సొమ్మును సాధారణంగా మరుసటి పనిదినానికే వాడుకోనివ్వాలి. మామూలు చెక్కులో కొంత మొత్తం మర్నాటికి, మిగతాది ఎక్కువగా రెండో పనిదినానికి అందాలి. కొత్త ఖాతాలకు, చాలా పెద్ద మొత్తాలకు ఇంకా ఎక్కువ రోజులు ఆపే వీలుంది. అందుకేనేమో, దొంగ చెక్కులు తరచుగా కొద్ది వేల డాలర్లకే ఉంటాయి.

ఖాతాదారుల మేలు కోరి చేసిన ఈ చట్టాన్నే మోసగాళ్లు ఆసరా చేసుకున్నారు. సోమవారం వేసిన చెక్కు సొమ్ము మంగళవారం ఖాతాలో కనిపిస్తుంది. కౌంటర్లో అడిగితే ‘డబ్బు వాడుకోవచ్చు’ అంటారు. అది అబద్ధం కాదు. చెక్కు అసలుదని మాత్రం దానికి అర్థం కాదు. మంగళవారమే ఏజెంటు ఫోన్ చేసి తొందరపెడతాడు. ఆ సాయంత్రానికే డబ్బు వెళ్లిపోతుంది. చెక్కు దొంగదని తేలేసరికి వారం, ఒక్కోసారి కొన్ని వారాలు పడుతుంది. అప్పుడు బ్యాంకు మొత్తం 3,900 డాలర్లనూ ఖాతాలోంచి తీసేసుకుంటుంది. చెక్కు వేసినవారే దానికి బాధ్యులన్నది అక్కడి చట్టం. పంపిన 2,850 డాలర్లు అక్షరాలా వాళ్ల సొంత సొమ్మే అవుతాయి. 2004 అక్టోబరు నుంచి కాగితానికి బదులు చెక్కు చిత్రాన్నే పంపుకోవడం చట్టబద్ధమై క్లియరింగ్ వేగం పెరిగింది. ఆ ఎడం తగ్గింది గాని పోలేదు.

తెలుగువాళ్లు గుర్తుపెట్టుకోవలసిన తేడా ఇక్కడే ఉంది. మన దేశంలో మామూలుగా చెక్కు క్లియరింగ్ పూర్తయ్యాకే ఆ డబ్బు వాడుకోనిస్తారు. కాబట్టి ఖాతాలో పడిందంటే చెక్కు పాసైందనే అనుకుంటాం. అదే నమ్మకంతో అమెరికా వెళ్లిన విద్యార్థికి అక్కడి పద్ధతి తెలియదు. 2019లో దొంగ చెక్కుల ఫిర్యాదుల్లో పోయిన మొత్తం 2.8 కోట్ల డాలర్లు దాటిందని అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ప్రకటించింది. ముప్ఫై దాటినవారితో పోలిస్తే ఇరవైల్లో ఉన్నవారు డబ్బు పోగొట్టుకున్నామని చెప్పడం రెట్టింపు కంటే ఎక్కువని కూడా తెలిపింది. యువతకు ఎర బహుమతి కాదు, పార్ట్‌టైమ్ ఉద్యోగం. దుకాణాల సేవలను రహస్యంగా పరీక్షించే పని, కారు మీద ప్రకటన అంటించుకునే పని అంటూ చెక్కు వస్తుంది. పాత సామాను అమ్మకానికి పెడితే, కొంటానన్నవాడు ఎక్కువ మొత్తానికి చెక్కు పంపి తేడా తిరిగి ఇమ్మంటాడు. లోపలి యంత్రాంగం ఒకటే.

డబ్బు ఎటు పోతుంది

మొదట్లో డబ్బు ఎక్కువగా వెస్టర్న్ యూనియన్, మనీగ్రామ్ కౌంటర్ల నుంచి పోయేది. తమ సేవలను మోసగాళ్లు వాడుకుంటుంటే అడ్డుకోనందుకు వెస్టర్న్ యూనియన్ 2017 జనవరిలో 58.6 కోట్ల డాలర్లు చెల్లించడానికి ఒప్పుకుంది. బాధితుల్లో ఎందరికో దాన్నుంచి పరిహారం అందింది. ఇటీవల గిఫ్ట్ కార్డులు కొనిపించి, వెనక ఉన్న నంబర్లు ఫోన్లో చెప్పించుకుంటున్నారు. నంబరు చెప్పిన నిమిషాల్లోనే కార్డు ఖాళీ అవుతుంది.

ఒకసారి డబ్బు పంపినవారి పేర్లతో జాబితాలు తయారై ముఠాల మధ్య అమ్ముడవుతాయి. పోయిన డబ్బు ఇప్పిస్తామని ఆ జాబితాలోంచే మళ్లీ ఫోన్లు వస్తాయి. ఇది మొదటి మోసం కంటే క్రూరమైనదని చెప్పాలి. జమైకాలోని మాంటెగో బే చుట్టుపక్కల ఈ జాబితాల కోసం ముఠాలు హత్యలకు తెగబడటంతో ఆ దేశం 2013లో లాటరీ మోసాల మీద ప్రత్యేక చట్టమే చేసింది.

చట్టం

అమెరికాలో తపాలా మోసం 1872 నుంచే ఫెడరల్ నేరం. నేటి గరిష్ఠ శిక్ష 20 ఏళ్ల జైలు, బ్యాంకులకు నష్టం జరిగితే 30 ఏళ్లు. 1999 నాటి చట్టం స్వీప్‌స్టేక్స్ ఉత్తరాల మీద ‘కొనాల్సిన అవసరం లేదు, కొన్నంత మాత్రాన గెలిచే అవకాశం పెరగదు’ అని స్పష్టంగా రాయించింది. నేరుగా నేరం చేసేవాళ్లకు ఆ నియమాలు పట్టవు. దర్యాప్తు చేసేది తపాలా శాఖకే చెందిన పోస్టల్ ఇన్‌స్పెక్షన్ సర్వీస్. 2007లో నైజీరియా, నెదర్లాండ్స్, కెనడా అధికారులతో కలిసి అది 200 కోట్ల డాలర్లకు పైగా విలువ రాసి ఉన్న దొంగ చెక్కులను పట్టుకుంది.

భారతదేశంలో చెక్కు రకం తక్కువ. ఇక్కడ స్క్రాచ్ కార్డు ఉత్తరాలు, కౌన్ బనేగా కరోడ్‌పతి పేరుతో వాట్సాప్ సందేశాలు తిరుగుతాయి. ముందుగా జీఎస్టీ కట్టమంటారు. విదేశీ లాటరీలో పాల్గొనడానికి ఇక్కడి నుంచి డబ్బు పంపడమే విదేశీ మారక నిబంధనల కింద నిషిద్ధం.

అనుమానం వస్తే ఉత్తరంలోని నంబరుకు ఫోన్ చేయవద్దు. చెక్కు మీద పేరున్న బ్యాంకు నంబరును విడిగా వెతికి, ఆ చెక్కు తాము ఇచ్చిందేనా అని అడగాలి. కవరు పారేయకూడదు, అది సాక్ష్యం. ఇంట్లో పెద్దవారు మోసపోతే తిట్టకండి. సిగ్గుతో దాచుకునేవారే రెండోసారీ మోసపోతారు. ఫిర్యాదుకు అమెరికా పౌరసత్వంతో పనిలేదు. అక్కడ పోస్టల్ ఇన్‌స్పెక్షన్ సర్వీస్‌కు, ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌కు చెప్పుకోవచ్చు. ఆన్‌లైన్‌లోనో ఫోన్లోనో మోసపోయి ఇక్కడి నుంచి డబ్బు పంపి ఉంటే వెంటనే 1930కి ఫోన్ చేయాలి.